ఒక బొబ్బ చరిత్ర

బొబ్బను గురించి రాయలసీమవాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మడక మేడి పట్టినవాడి అరచేతిలోనూ, వేరుశనగ చెట్లు పీకే కూలిమనిషి వేళ్ళ మొదళ్ళలోనూ, నాపరాళ్ళు పరచిన వాకిట్లో మే నెల మధ్యాహ్నం ఉత్తకాళ్ళతో పరుగెత్తిన పిల్లవాడి పాదాల్లోనూ అది లేస్తుంది, నీరు పడుతుంది, చిట్లుతుంది, ఎండి రాలిపోతుంది. కింద కొత్త చర్మం వస్తుంది. మచ్చ కూడా మిగలదు. ఈ చివరి సంగతిని మనం ఎన్నడూ ప్రత్యేకంగా గమనించలేదు. గమనించి, కొలిచి, గ్రంథస్థం చేసినవారు ఫిన్లాండు దేశపు చర్మవైద్యులు. దానిని చికిత్సగా మలచినవాడు కొలంబియా దేశస్థుడు. ఖరీదైన యంత్రం లేకుండానే ఆ పని సిరంజితో కానిచ్చుకున్నవారు మన దేశపు వైద్యులు. ఆ చికిత్స బొల్లికి.

ఆ బొబ్బ కథే ఈ టపా. మధ్యలో టిప్పు సుల్తాను యుద్ధం, కడప సీమ, తెగిన ముక్కు ఒకటి వస్తాయి. కథకు అవి అవసరమే గనుక పాఠకులు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందు బొల్లి సంగతి. ఈ మాట పశువుల కొట్టంలో తిట్టు కాదు. ముఖాన తెల్లమచ్చ ఉన్న ఆవును బొల్లావు అని ముద్దుగా పిలుచుకుంటాం. సంతలో ఆ మచ్చ చూపి బేరం చెప్పేవారూ ఉన్నారు. అదే తెలుపు ఆడపిల్ల పెదవి మీదనో, కనురెప్ప మీదనో, వేలికొసన మినపగింజంత కనబడితే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ఆ పిల్ల పెళ్ళి ఒక్కటే కాదు, వెనకున్న చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఆగుతాయని భయం. పూర్తిచేతుల రవిక, చెవులు కప్పే కొంగు, పెళ్ళిచూపులనాటి పౌడరు, ఇవన్నీ ఆ భయానికి బయటికి కనబడే రూపాలు. నూరు మందిలో సుమారు ఒకరికి వచ్చే ఈ మార్పు అంటుకోదు, నొప్పి పెట్టదు, ఆయుర్దాయాన్ని తగ్గించదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి చర్మానికి రంగునిచ్చే కణాలను తానే చంపుకోవడం వల్ల వస్తుందని నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. ఇంత తెలిసీ దానికి కుష్ఠుతో ముడి మాత్రం ఇంకా పూర్తిగా విడిపోలేదు. తెల్లకుష్ఠు అన్న పేరే అందుకు సాక్ష్యం.

ఆ ముడి పడింది పాత గ్రంథాలలోనే. చరకుడు శ్విత్రాన్ని, అంటే బొల్లిని, చికిత్సాస్థానంలో కుష్ఠు అధ్యాయం చివర చేర్చాడు. సుశ్రుతుడు కూడా కిలాసం కుష్ఠు భేదమేనన్నాడు. అయితే వెనువెంటనే ఈ రెంటికీ తేడా చెప్పాడు. కిలాసం చర్మానికే పరిమితమైనది, స్రావం లేనిది అని. ఆ ఒక్క వాక్యం జనంలోకి వెళ్ళి ఉంటే ఎన్నో కాపురాలు నిలిచేవి. వెళ్ళింది మాత్రం పేరు. చట్టాల సంగతి చెప్పాలంటే, 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకు కారణంగా ఉండడం 2019 సవరణతో పోయింది. ఆ చట్టాలేవీ బొల్లిని ఉద్దేశించినవి కావు. కానీ రెంటికీ ఒకే పేరు పెట్టుకున్న చోట ఒకదాని శిక్ష రెండోదానికి పడడం ఎంతసేపు?

పాత వైద్యంలో బొబ్బకు చోటుంది. ఈ సంగతి నన్ను మొదటినుంచీ ఆకర్షించింది. మలపూ అనే మేడిజాతి చెట్టు రసాన్ని బెల్లంతో తాగించి, ఒంటికి నూనె పట్టించి, రోగిని ఎండలో కూర్చోబెట్టమంటాడు చరకుడు. అప్పుడు తెల్లమచ్చల మీద బొబ్బలు లేస్తాయి. వాటిని ముల్లుతో పొడిచి నీరు తీయాలి. బావంచాలు పూసి ఎండ చూపించడం కూడా ఇదే తోవ. బావంచాలను ఊరి ఆచారి నూరి ఇస్తే పూసుకుని ఎండలో కూర్చోవడం మన తాతల కాలంలో మామూలు వైద్యం. ఎండకు మన సీమలో కొదవా?

ఇది గుడ్డి నమ్మకం కాదు. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు బావంచాల గింజలనుంచి సొరాలెన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. 1948 ప్రాంతంలో ఈజిప్టులో ఎల్ మొఫ్తీ నైలునది ఒడ్డున పెరిగే మరో మొక్కనుంచి తీసిన అదే జాతి పదార్థాన్ని బొల్లికి వాడాడు. సొరాలెన్ పట్టిన చర్మం మీద అతినీలలోహిత కిరణాలు పడితే రంగుకణాలు మేలుకుంటాయి. మోతాదు మించితే కాలుతుంది. చరకుడి బొబ్బ ఆ కాలిన బొబ్బే. కనుక సొంతంగా బావంచాలు పూసుకుని కర్నూలు ఎండలో గంటసేపు నిలబడడం ప్రమాదమని ఇక్కడే చెప్పడం మంచిది. మరికొందరు నల్లజీడి పూస్తారు. చాకలి బట్టలకు గుర్తుపెట్టే ఆ జీడి చర్మాన్ని ఎంతగా పుండు చేస్తుందో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పుండు మానిన చోట, ముందు లేని మచ్చ కొత్తగా మిగులుతుంది.

మందులు, కిరణాలు పనిచేసేది రంగుకణాలు ఎక్కడో ఒకచోట దాగి ఉన్నప్పుడే. ఆ దాగి ఉండే చోటు వెంట్రుక మొదలు. అందుకే తెల్లమచ్చ మానేటప్పుడు రంగు అంతటా ఒక్కసారి పరచుకోదు; వెంట్రుకల చుట్టూ ఆవగింజలంత నల్లచుక్కలు మొలిచి, అవి పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. మరి పెదవికి వెంట్రుకలు లేవు. వేలికొసలకు లేవు. మచ్చలోని వెంట్రుకలు కూడా నెరిసిపోతే అక్కడి నిలవ కూడా అయిపోయినట్టే. మూడేళ్ళు మందు పూసినా పెదవి మీది మచ్చ కదలకపోవడానికి కారణం ఇది. విత్తనమే లేని చేనికి ఎన్ని తడులు పెట్టి ఏం లాభం? ఇక్కడ చేయగలిగింది ఒక్కటే. విత్తనం ఉన్న చోటినుంచి తెచ్చి నాటాలి. అంటే ఒంటి మీద ఒకచోటి చర్మాన్ని మరొకచోట అతకాలి.

చర్మం అతకడం అనగానే మనవాళ్ళు సుశ్రుతుడి పేరెత్తి ఛాతీ విరుచుకుంటారు. తప్పు లేదు. చెంప చర్మంతో ముక్కు కట్టే విధానాన్ని ఆయన రాసిన మాట నిజం. కానీ అసలు విద్యను వందల ఏళ్ళు చేతుల్లో నిలిపినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. వాళ్ళు సంస్కృతం చదివిన వైద్యులు కారు. ఇటుకలు కాల్చుకునేవారు, కుండలు చేసుకునేవారు.

వాళ్ళ సంగతి లోకానికి తెలిసిన సందర్భం మూడో మైసూరు యుద్ధం, 1790 నుంచి 1792 వరకు. ఆ యుద్ధం మన గడప తొక్కింది. కడప సీమ అప్పుడు టిప్పు ఏలుబడిలో ఉండేది. కర్నూలు నవాబు టిప్పుకు పేష్కషు చెల్లించేవాడు. నిజాము సైన్యం, దానికి తోడు వచ్చిన కుంఫిణీ పటాలం గండికోట, గుర్రంకొండల మీదికి వచ్చాయి. 1792 శ్రీరంగపట్నం సంధితో కడప నిజాముకు పోయింది. 1800లో నిజాము దాన్ని ఇంగ్లీషువారికి దత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చిందే. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉండి తర్వాత కుంఫిణీ వశమైంది. ఆ రోజుల్లో యుద్ధమంటే ఫిరంగులకన్నా ముందు ఎద్దులు. గింజలు, మందుగుండు మోసే ఎడ్ల బారులు తెగితే సైన్యం పస్తే. కనుక శత్రువు ఎడ్లు తోలేవాళ్ళను పట్టుకుని, మళ్ళీ ఆ పనికి పోకుండా ముక్కూ చెయ్యీ కోసి వదిలేవాడు.

అలా చిక్కినవాడు కావస్‌జీ అనే మరాఠా ఎడ్లకాపరి. మనవాడు కాడు. ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలేవాడు. టిప్పు మనుషులకు బందీ అయ్యాడు, ముక్కు, ఒక చెయ్యి పోయాయి. ఆ స్థితిలోనే శ్రీరంగపట్నం దగ్గర బొంబాయి పటాలంలో తిరిగి చేరాడు. సుమారు ఏడాదిపాటు ముక్కు లేకుండానే బతికి, చివరికి పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతని చేత కొత్త ముక్కు పెట్టించుకున్నాడు. ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు అది కళ్ళారా చూశారు. 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఆ వృత్తాంతాన్ని కావస్‌జీ బొమ్మతో సహా అచ్చువేసింది.

ఆ పద్ధతి ఇది. పలుచని మైనపు రేకును తెగిన ముక్కు మీద ముక్కు ఆకారంలో మలచి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంబడి నుదుటి చర్మాన్ని కోసి లేపుతారు, కనుబొమల మధ్య సన్నని తొడిమ మాత్రం తెగకుండా ఉంచుతారు. రక్తం దాని గుండానే రావాలి గనుక. లేపిన చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, మొండి ముక్కు అంచున గాటు పెట్టి అందులో దోపుతారు. కుట్టు లేదు. తాంబూలంలో వేసుకునే కాచును నీటితో మెత్తజేసి గుడ్డపేలికలకు పూసి, అయిదారు పొరలు ఒకదానిమీద ఒకటి అతికిస్తారు. నాలుగు రోజులు ముట్టుకోరు. తర్వాత నేతిలో తడిపిన గుడ్డలు. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో తొడిమ కోసేస్తారు. కాచు చర్మాన్ని బిగించే వస్తువు, రక్తాన్ని నిలుపుతుంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఆ ఇటుకల మేస్త్రికి తెలిసే ఉంటుంది. మనకు చెప్పే అవకాశం అతనికి రాలేదు. కావస్‌జీ పేరు నిలిచింది, చూసిన వైద్యుల పేర్లు నిలిచాయి, చేసినవాడి పేరు ఆ పత్రికలో లేదు. అది చదివి సాధన చేసి 1814లో లండనులో రెండు ముక్కులు కట్టి, 1816లో పుస్తకం వేసిన కార్ప్యూ పేరు మాత్రం ప్రతి శస్త్రవైద్య విద్యార్థికీ తెలుసు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. కావస్‌జీ ముక్కుకు వాడింది తొడిమతో ఉన్న చర్మం. దానికి రక్తసంబంధం తెగలేదు. ఒంటినుంచి పూర్తిగా వేరుచేసిన చర్మాన్ని మరోచోట బతికించడం వేరే విద్య, అంతకన్నా కష్టమైనది. అది కూడా మన దేశంలో జరిగేదని 1817లో ద్యుత్రోషే అనే ఫ్రెంచివాడు తాను విన్న ఒక వృత్తాంతాన్ని ప్రకటించాడు. పైవాడి ఆజ్ఞతో ముక్కు కోయించుకున్న ఒక సైనికుడికి దేశీ వైద్యుడు పిరుదు మీద చెప్పుతో కొట్టి, అక్కడ బాగా వాపు వచ్చాక ముక్కోణం ముక్క కోసి ముక్కుకు అతికాడట. చెప్పుదెబ్బలంటే నవ్వు వస్తుంది గానీ, అందులో యుక్తి ఉంది. దెబ్బలకు రక్తం, నీరు అక్కడికి చేరుతాయి, చర్మం ఉబ్బుతుంది. కోయబోయే చర్మాన్ని ముందుగా సిద్ధం చేయడమనే ఆలోచన అది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఫిన్లాండులో మళ్ళీ కనిపిస్తుంది.

ఐరోపాలో 1869లో రెవెర్డిన్ అనే స్విస్ యువవైద్యుడు పారిసులో బియ్యపుగింజంత చర్మపు ముక్కలను మానని పుళ్ళ మీద నాటి బతికించాడు. 1874లో జర్మనీలో థీర్ష్ అంతకన్నా పలుచని, వెడల్పైన పొరలు కోయడం నేర్పాడు. అక్కడినుంచి నూరేళ్ళపాటు చర్మం అతకడమంటే ప్రధానంగా కాలినగాయాల వైద్యం, యుద్ధగాయాల వైద్యం. ప్రాణం పోయేచోట రంగు గురించి అడిగేవారెవరు? బొల్లికి ఈ విద్యను తెచ్చినవారిలో మన దేశంలో ముందువరుసలో నిలిచేవాడు ఢిల్లీలోని పి.ఎన్. బెల్. 1964లో ఆయన థీర్ష్ తరహా పలుచని పొరలను తెల్లమచ్చల మీద అతికించిన ఫలితాలు ప్రచురించాడు. రంగు వచ్చింది. కానీ ఎంత పలుచన చేసినా కత్తితో కోస్తే పైపొరతోపాటు లోపొర కొంత వచ్చేస్తుంది. కోసిన చోట మచ్చ మిగులుతుంది, అతికిన చోట అంచులు ఎత్తుగా తేలవచ్చు. పంచ్ అనే గుండ్రని చిన్న కోతతో నువ్వుగింజలంత ముక్కలు నాటే పద్ధతి తేలికైనది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో చర్మం గులకరాళ్ళు పరిచినట్టు ఎగుడుదిగుడుగా తయారయ్యే ప్రమాదం ఉంది. కంటికి కనబడే తెలుపు పోగొట్టుకోవడానికి వచ్చిన మనిషికి చేతికి తగిలే మచ్చను ఇచ్చి పంపడం ఏ వైద్యుడికీ ఇష్టం ఉండదు.

రంగుకణాలు ఉండేది పైపొర అట్టడుగు వరుసలో. పది అడుగువరుస కణాలకు సుమారు ఒకటి చొప్పున ఉంటాయి. పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతు. అందులో రక్తనాళాలు లేవు. మనకు కావలసింది ఆ పొర ఒక్కటే, అడుగు వరుసతో సహా, కింది పొర ఏ మాత్రం అంటకుండా. అంత పలుచగా, అంత శుభ్రంగా కోసే కత్తి లేదు.

కత్తి అక్కరలేదని అదే 1964లో, బెల్ తన ఫలితాలు ప్రచురించిన ఏడాదే, హెల్సింకీలో తేలింది. ఉర్పో కీస్తలా, కిమ్మో ముస్తకల్లియో అనే ఇద్దరు చర్మవైద్యులు బతికున్న మనిషి చర్మం మీద గాలి పీల్చి బొబ్బ లేపి, పైపొరను లోపొరనుంచి పూర్తిగా విడదీయవచ్చునని లాన్సెట్ పత్రికలో చూపారు. 1968 నాటికి కీస్తలా అందుకు చిన్న పరికరం కూడా తయారుచేశాడు. వారి లక్ష్యం బొల్లి కాదు, చర్మపు పొరలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాయో కొలవడం. ఫిన్లాండు ఆవిరి స్నానపు గదుల్లో పశువుల కొమ్ముతో చర్మం పీల్చి రక్తం తీసే ఆచారం పాతకాలం నుంచీ ఉంది. మన పల్లెల్లో కొమ్ములు పెట్టేవాళ్ళు చేసిందీ అదే, సుశ్రుతుడు చెప్పిన శృంగమూ అదే. ఆ కొమ్ములు చూసే వారికి ఈ ఆలోచన వచ్చిందని నేననను. కొమ్ము పెట్టిన చోట ఎప్పుడైనా ఆలస్యమై బొబ్బ లేస్తే, దాన్ని పొరపాటనుకున్నాం తప్ప పనికొచ్చే వస్తువనుకోలేదని మాత్రం అంటాను.

మడక మేడి బొబ్బకూ ఈ పీల్చిన బొబ్బకూ తేడా ఉంది. రాపిడికి లేచే బొబ్బ పైపొర మధ్యలోనే చీలుతుంది. రంగుకణాలు ఉన్న అడుగు వరుస కిందే ఉండిపోతుంది. గాలి పీల్చి నెమ్మదిగా లేపిన బొబ్బ పైపొర, లోపొరల సరిహద్దులో విడిపోతుంది. అంటే ఆ బొబ్బ పైకప్పులో అడుగు వరుసా, రంగుకణాలూ వచ్చేస్తాయి. కింద లోపొర గాయపడకుండా మిగులుతుంది. లోపొరకు దెబ్బ తగలకపోతే మచ్చ పడదు. నూరేళ్ళుగా కత్తి చేయలేకపోయిన పని ఇదే.

దీన్ని చికిత్సగా మలచినవాడు కొలంబియాలోని కాలి నగరానికి చెందిన రఫాయెల్ ఫలబెల్లా. బొబ్బల పైకప్పులను కత్తిరించి, రంగుపోయిన చోట్ల, మానని పుళ్ళ మీద అతికించి 1971లో ప్రచురించాడు. జపానులో కోగా 1988లో బొల్లికి దీన్ని మరింత మెరుగుపరిచాడు. భారతదేశంలో 1999లో గుప్తా, ష్రాఫ్, గుప్తా అనే ముగ్గురు సవరించిన పద్ధతి ప్రచురించారు. ఇక్కడి వైద్యుల చేతుల్లో ఈ పని ఎంత సాదాగా మారిందో చూస్తే, కాచు పూసిన గుడ్డపేలికలు గుర్తుకు రాకమానవు.

కావలసినవి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజిలు. పది, ఇరవై మిల్లీలీటర్లవి నాలుగైదు. వాటి తోపుడు కడ్డీలు తీసేస్తారు. తొడ మీదనో, ముంజేతి లోపలి వైపునో చర్మాన్ని శుభ్రం చేసి మత్తుమందు ఇచ్చి, సిరంజి వెడల్పు మూతిని దాని మీద నిలబెడతారు. సూది తగిలించే సన్నని కొసకు మూడుదారుల మూత బిగించి, దాని గుండా ఏభై మిల్లీలీటర్ల పెద్ద సిరంజితో గాలి లాగి, మూత తిప్పేస్తారు. సిరంజి చర్మాన్ని పట్టుకుని తనంతట తానే నిలబడుతుంది. లోపల పీడనం బయటికన్నా సుమారు మూడువందల మిల్లీమీటర్ల పాదరసమంత తక్కువ. ఎక్కువ లాగితే రక్తం చిమ్మి బొబ్బ పాడవుతుంది, తక్కువైతే లేవదు. చర్మాన్ని వెచ్చగా ఉంచితే త్వరగా లేస్తుంది. మొదట చిన్న చిన్న నీటిబుడగలు కనబడతాయి, అవి కలిసి గంటన్నర నుంచి మూడు గంటల్లో ఒకే నిండు బొబ్బ అవుతుంది. అంతసేపూ రోగి సిరంజిలు నిలబడిన తొడతో పడుకుని పక్కవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. చెప్పుతో కొట్టనక్కరలేదు.

తర్వాత సన్న కత్తెరతో బొబ్బ చుట్టూ కోసి పైకప్పును గాజుపలక మీదికి తీస్తారు. అది తడిసిన ఉల్లిపొరలా ఉంటుంది, ఏది పైవైపో ఏది కిందివైపో కంటికి తెలియదు. కనుక తీసేటప్పుడే లెక్క తప్పకుండా పరచుకోవాలి. తిరగబడితే అతకదు. మరోపక్క తెల్లమచ్చ మీది పైపొరను సన్నగా గీరి, సూదిమొన రక్తపు చుక్కలు కనబడగానే ఆపుతారు. దాని మీద ఈ పొరను పరిచి, పట్టు వేసి కదలకుండా కడతారు. వారం తర్వాత విప్పుతారు. బొబ్బ తీసిన చోటు వారం పది రోజుల్లో మానుతుంది, కొన్నాళ్ళు కాస్త నల్లగా కనబడి తర్వాత సర్దుకుంటుంది.

ఇది అందరికీ పనికిరాదు. మచ్చలు ఇంకా పాకుతున్నవారికి చేస్తే అతికినది నిలవదు. పైగా బొబ్బ లేపిన తొడ మీదే కొత్త తెల్లమచ్చ పుట్టవచ్చు. దెబ్బ తగిలిన చోట బొల్లి లేవడం ఆ వ్యాధి స్వభావం. కనీసం ఏడాదిపాటు కొత్తది రాకుండా, పాతది పెరగకుండా నిలకడగా ఉన్నవారికే చేయాలని మన చర్మవైద్యుల నియమం. ఒంటికి ఒకవైపునే పట్టీలా వచ్చి ఆగిపోయిన రకానికి ఫలితం బాగా ఉంటుంది. పెదవి, కనురెప్ప, ముఖం మీది చిన్న మచ్చలకు ఇది దివ్యంగా కుదురుతుంది. వీపంతా పరచుకున్నదానికి ఇన్ని బొబ్బలు లేపడం కుదరని పని. బొట్టుబిళ్ళ జిగురులోని ఒక రసాయనం వల్ల నుదుట పడే తెల్లమచ్చ విషయంలో ముందుగా చేయవలసింది ఆ బిళ్ళ మానుకోవడం. పెద్ద మచ్చలకు పైపొరను కణాలుగా విడదీసి ద్రవంగా పూసే పద్ధతి 1992 నుంచి వచ్చింది. దానికి కాస్త ప్రయోగశాల సదుపాయం కావాలి. రుక్సోలిటినిబ్ లేపనానికి అమెరికాలో 2022లో బొల్లికి అనుమతి వచ్చింది. రంగుకణాలు బొత్తిగా లేని చోట మాత్రం ఏ లేపనమైనా ఎదుర్కొనే ఇబ్బంది మొదట చెప్పిన చేను సామెతే.

నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పదనం దాని పేదరికమే. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్రరాష్ట్రానికి రాజధాని. ఆ హోదా పోయాక, 1957లో అక్కడ వైద్యకళాశాల వచ్చింది. కడపకు రిమ్స్ వచ్చింది 2006లో. అంతదాకా కడపవైపు పల్లెలవాళ్ళు బోధనాసుపత్రి అంటే కర్నూలుకో, తిరుపతికో, వేలూరుకో బస్సెక్కవలసిందే. బొల్లికి అంత దూరం వెళ్ళేవారెవరు? నొప్పి లేని జబ్బుకు కూలి పోగొట్టుకోవడానికి ఇంట్లో ఒప్పుకోరు. కనుక ఊళ్ళోని నల్లజీడి, లేకపోతే పత్రికలో నూరుశాతం గ్యారంటీ ప్రకటన. ఈ రెంటికీ పోటీగా నిలవాలంటే వైద్యం దగ్గరలో ఉండాలి, చవకగా ఉండాలి, కనబడే ఫలితం ఇవ్వాలి. సిరంజిలు, మూడుదారుల మూత, సన్న కత్తెర, గాజుపలక, పట్టు లేని ఆసుపత్రి ఏదైనా ఉంటుందా? వీటికి తోడు కావలసింది గంటలకొద్దీ ఓపిక, నేర్చుకున్న చెయ్యి. చర్మవైద్య విభాగం ఉన్న ఏ బోధనాసుపత్రిలోనైనా ఇది సాధ్యమయ్యే పని. అయినా మన ఊళ్ళలో దీని పేరు తెలిసినవారు బహు తక్కువ. పెళ్ళిచూపులకు ముందు పౌడరు రాసే పెద్దమ్మకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

చెప్పేటప్పుడు తప్పక చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కట్టు విప్పాక ఒకటి రెండు వారాల్లో ఆ అతికిన పొర నల్లగా ఎండి రాలిపోతుంది. ముందుగా తెలియనివారు గుండె ఆగినంత పని అవుతుంది, ఆపరేషను పాడైందనుకుని ఏడుస్తూ మళ్ళీ రారు. నిజానికి అప్పటికే రంగుకణాలు కింది కొత్త పొరలోకి దిగి చోటు చేసుకుని ఉంటాయి. రాలిన పొర కింద మొదట గులాబిరంగు చర్మం కనబడుతుంది. మరికొన్ని వారాలకు అందులో గోధుమరంగు తేలుతుంది, నెలలు గడిచేకొద్దీ అది చుట్టుపక్కల రంగుతో కలుస్తుంది, అంచుల్ని దాటి కాస్త బయటికి కూడా పాకుతుంది.